గడ్డి దిక్కా, బంతి దిక్కా? గోల్ఫ్ పచ్చికలో పనివారి భద్రతపై ఒక అభిప్రాయం

మెదక్ పట్టణంలో గోల్ఫ్ మైదానం లేదు. ఘనపూర్ ఆనకట్ట కింద వరి పండించే రైతుకు ఆ ఆటతో పనీ లేదు. అయినా ఈ విషయాన్ని వ్యవసాయ పరిశోధన పత్రికలో ప్రస్తావించడానికి కారణం, మెదక్ సమీపంలోని ఒక గ్రామంలో నేను విన్న ఒక ప్రశ్న. గత వానకాలంలో వరిలో కలుపు యాజమాన్యంపై రైతులతో సమావేశం జరిగింది. అది ముగిసిన తరువాత నలభై ఏళ్లు దాటిన ఒక వ్యవసాయ కూలీ మహిళ దగ్గరకు వచ్చి, ఎడమ కంటికి అంగుళం దూరంలో ఉన్న మచ్చను చూపింది. నాట్లు లేని రోజుల్లో హైదరాబాదు శివార్లకు వెళ్లి, ఒక గోల్ఫ్ మైదానంలో గుత్తేదారు కింద గడ్డి తీసే పని చేసిందట. ఒకనాటి ఉదయం కూర్చుని తుంగ ఏరుతుండగా వెనుక నుంచి ఎవరో కేక వేశారు.

"అరిచిన్రు సారూ. ఏమో అని తల ఎత్తి జూసిన. గప్పుడే తాకింది" అన్నది. కొంతసేపు ఆగి, "మేము ఎటు జూసుకుంట పని చెయ్యాలె సారూ? గడ్డి దిక్కా, బంతి దిక్కా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లుగా కలుపు మొక్కల గురించి బోధిస్తున్న నాకు, కలుపు తీసే మనిషి చూపు ఎటు ఉండాలన్న ప్రశ్న ఎదురు కావడం అదే మొదటిసారి. ఆ ప్రశ్నకు అప్పుడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం.

గోల్ఫ్ పచ్చిక కూడా ఒక పంటే

భారతదేశంలో గోల్ఫ్ చరిత్ర 1829లో కలకత్తాలో క్లబ్బు ఏర్పడడంతో మొదలైంది. తెలుగు నేలపై నేడు గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయా ఖిలాలో, గచ్చిబౌలి సమీపంలోని బౌల్డర్ హిల్స్‌లో, విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్‌లో ఈ ఆట సాగుతున్నది. నగరాలు విస్తరిస్తున్న కొద్దీ, నివాస సముదాయాలతో కలిపి ఇటువంటి మైదానాలను నిర్మించాలన్న ఆలోచన కూడా విస్తరిస్తున్నది.

శాస్త్రవేత్త దృష్టితో చూస్తే గోల్ఫ్ మైదానం అత్యంత తీవ్రమైన ఏకపంట సాగు. రైతు గట్టున పీకి పారవేసే గరికే ఇక్కడ ప్రధాన పంట. మన వాతావరణంలో ఎక్కువగా వాడే టిఫ్‌డ్వార్ఫ్ వంటి సంకర రకాలు త్రయస్థితికాలు. వాటికి మొలకెత్తే విత్తనం రాదు. కాబట్టి పిలకలను, తీగ ముక్కలను చేతితో నాటాలి. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద గడ్డిని మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల ఎత్తుకు, దాదాపు ప్రతిరోజూ కోయాలి. ఆట మొదలయ్యే టీ నుంచి గ్రీన్ వరకు ఉండే ఫెయిర్‌వేను వారానికి రెండు మూడుసార్లు కోయాలి. బంకర్లలో ఇసుకను సర్దాలి, నేలకు గాలి ఆడేలా రంధ్రాలు చేయాలి, పైన సన్నని ఇసుక పరచాలి, నీటి గొట్టాలు చూడాలి, గుంత స్థానాన్ని మార్చాలి. వీటన్నిటికీ మించి తుంగను ఏరాలి. తుంగ గడ్డలు నేలలో ఉన్నంతకాలం కుర్పీ పట్టుకున్న మనుషులు పచ్చికలో ఉండక తప్పదు.

ఇతర పంటలకు, ఈ పంటకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. వరి పొలంలో కూలీలు పని చేస్తున్నప్పుడు ఆ పొలం పూర్తిగా వారిదే. గోల్ఫ్ పచ్చికలో మాత్రం పంటను పెంచేవారూ, దానిని అనుభవించేవారూ ఒకే సమయంలో ఒకే నేల మీద ఉంటారు. ఒకరి చేతిలో కుర్పీ ఉంటుంది, మరొకరి చేతిలో గోల్ఫ్ కర్ర ఉంటుంది. ఒకరు వంగి ఉంటారు, మరొకరు వారి వీపు వైపు గురి చూస్తూ నిలబడి ఉంటారు. ప్రమాదానికి మూలం ఈ అమరికలోనే ఉంది.

బంతి బలమెంత, వ్యవధి ఎంత?

ఆట నియమాల ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. చూడడానికి నిమ్మకాయంత. బలమైన ఆటగాడు కొట్టినప్పుడు ఆ బంతి సెకనుకు 70 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ఆ క్షణంలో దాని గతిజ శక్తి దాదాపు 113 జౌళ్లు. గాలి నిరోధం వల్ల వేగం తగ్గి, సెకనుకు 30 మీటర్ల వేగంతో నేలకు దిగుతుందనుకున్నా ఇంకా 20 జౌళ్ల శక్తి మిగిలి ఉంటుంది. కిలో బరువున్న రాయిని రెండు మీటర్ల ఎత్తు నుంచి తల మీద జారవిడిస్తే ఎంత శక్తి ఉంటుందో, ఇదీ అంతే. పైగా ఆ శక్తి అంతా నిమ్మకాయంత వైశాల్యం మీద కేంద్రీకృతమవుతుంది. కంటి గూటికి తగిలితే చూపు పోవచ్చు. 2018లో ఫ్రాన్సులో జరిగిన రైడర్ కప్ పోటీలలో అంతర్జాతీయ స్థాయి ఆటగాడు కొట్టిన బంతి తగిలి ఒక ప్రేక్షకురాలు ఒక కంటి చూపును కోల్పోయింది. ఆమె ఆట చూడడానికే వచ్చిన మనిషి. ఆటకు వీపు తిప్పి పని చేస్తున్న మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇక వ్యవధి. 200 మీటర్ల దూరం చేరడానికి బంతికి సుమారు ఆరు సెకన్లు పడుతుంది. బంతి దారి తప్పిందని ఆటగాడు గ్రహించడానికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. అతని కేక 200 మీటర్లు చేరడానికి అర సెకనుకు పైగా పడుతుంది. పనిలో మునిగిన మనిషి ఆ కేకను విని, అది తనకేనని గ్రహించి, కదలడానికి మరో ఒకటి రెండు సెకన్లు. అన్నీ కలిసివస్తే రెండు మూడు సెకన్లు మిగులుతాయి. కోత యంత్రం నడుపుతున్న వ్యక్తికి ఆ కాస్త వ్యవధి కూడా లేదు. చాలా పెట్రోలు యంత్రాల దగ్గర శబ్దం 85 డెసిబెళ్లు దాటుతుంది. చెవులను కాపాడడానికి మూతలు పెట్టుకోమని మనమే చెబుతాం. చెవికి రక్షణ కల్పించినప్పుడు హెచ్చరిక వినే దారిని కూడా మూసివేస్తున్నామన్న సంగతి సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

అంతకంటే క్లిష్టమైన విషయం హెచ్చరిక స్వభావంలోనే ఉంది. గోల్ఫ్‌లో ప్రపంచమంతటా వాడే హెచ్చరిక పదం "ఫోర్". ఆ మాట వినగానే పైకి చూడకుండా తల వంచి, రెండు చేతులతో తలను కప్పుకోవాలని ఆటగాళ్లకు నేర్పుతారు. అది తెలియని మనిషి సహజంగా చేసే పని దీనికి పూర్తిగా వ్యతిరేకం: కేక వచ్చిన వైపు ముఖం తిప్పి చూడడం. మెదక్ మహిళ చేసింది అదే. ఆమెను కాపాడవలసిన కేకే ఆమె ముఖాన్ని బంతికి ఎదురుగా తిప్పింది. శిక్షణ లేని చోట హెచ్చరిక కూడా అపాయమవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

వడిసెల తిప్పేవాడి బాధ్యత

మన జొన్న చేలలో పిట్టలను తోలడానికి మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవారు. రాయి విడిచే ముందు చేనులో మనుషులు ఎక్కడున్నారో చూసుకోవడం వడిసెల పట్టినవాడి పని. కింద పని చేస్తున్నవారు రాయి కోసం ఆకాశం వైపు చూస్తూ ఉండాలని ఏ ఊరిలోనూ ఎవరూ అనుకోలేదు. ఎత్తు మీద ఉన్నవాడికి చేను మొత్తం కనిపిస్తుంది. ఎప్పుడు విసరాలో నిర్ణయించే అధికారం అతనిది. చూపు, నిర్ణయం రెండూ ఎవరి వద్ద ఉంటే బాధ్యత కూడా వారిదే.

గోల్ఫ్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది. టీ మీద నిలబడినవాడికి ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది. ఒక నిమిషం ఆగితే అతనికి కలిగే నష్టం ఒక నిమిషం మాత్రమే. పనివారికి వెనుక ఏమీ కనిపించదు. ఆట పెద్దలకు ఇది తెలియని విషయం కాదు. సమీపంలో గాని, ముందు గాని ఉన్న మైదాన సిబ్బందికి అపాయం కలిగించగల దెబ్బ కొట్టబోయే ముందు వారిని అప్రమత్తం చేయాలని గోల్ఫ్ నియమావళిలోని మర్యాదల అధ్యాయం చాలాకాలం నిర్దేశించింది. 2019లో సవరించిన నియమాలలో కూడా ఇతరుల భద్రతను చూసుకోవడం ఆటగాడి నడవడికలో భాగమే.

అయితే బాధ్యత ఆటగాడితో ముగియదు. స్కాట్లాండ్‌లో 2007లో ఒక మైదానంలో రెండు ఆట స్థలాల మధ్య దారిలో నడుస్తున్న వ్యక్తికి మరొకరు కొట్టిన బంతి తగిలి ఒక కన్ను పోయింది. కింది న్యాయస్థానం ఎక్కువ బాధ్యతను బంతి కొట్టినవాడిపై మోపింది. 2013లో అప్పీలు న్యాయస్థానం ఆ నిష్పత్తిని తిరగవేసి, 80 శాతం బాధ్యత క్లబ్బుది, 20 శాతం ఆటగాడిది అని తేల్చింది. అపాయకరమైన చోట హెచ్చరిక ఫలకాలు కూడా పెట్టని నిర్వహణే ప్రధాన లోపమని ఆ తీర్పు సారాంశం. బంతి ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పుతుందని అందరికీ తెలుసు. తెలిసిన సంగతికి ముందుగా ఏర్పాటు చేయవలసినవారు నిర్వాహకులు.

మన పాత మైదానాలలో ఒక ఆచారం ఉంది. ఆటగాళ్ల కంటే ముందుగా వెళ్లి, బంతి ఎక్కడ పడిందో కనిపెట్టే మనిషిని "ఆగేవాలా" అంటారు. పోయిన బంతిని వెతకడానికి ఒక మనిషిని నియమించగలిగిన వ్యవస్థకు, బంతి దారిలో ఉన్న మనుషులను కనిపెట్టడానికి మరొకరిని నియమించడం భారం కాకూడదు.

వేళను వేరు చేయడం

వృత్తి భద్రతా శాస్త్రంలో ఒక క్రమం ఉంది. మొదట అపాయాన్ని తొలగించాలి. అది సాధ్యం కానప్పుడు మనిషికీ అపాయానికీ మధ్య అడ్డు కల్పించాలి. ఆ తరువాత పని పద్ధతులను మార్చాలి. అన్నిటికంటే చివర శిరస్త్రాణం వంటి రక్షణ సాధనాలు. మైదానాలలో సాధారణంగా ఈ క్రమం తలకిందులవుతుంది. టోపీ ఇచ్చి, జాగ్రత్తగా ఉండమని చెప్పడంతో నిర్వహణ బాధ్యత తీరిందనుకుంటారు.

అపాయాన్ని తొలగించే సులభమైన మార్గం వేళను వేరు చేయడం. మన వేసవిలో ఇది తేలిక కాదు. తెల్లవారిన తరువాత మొదటి మూడు గంటలు చల్లగా ఉంటాయి. ఆటగాడికీ అవే కావాలి, పనివారికీ అవే కావాలి. ఘర్షణ అంతా ఆ మూడు గంటల గురించే. కాబట్టి దానిని మర్యాదకు వదలకుండా లెక్కతో పరిష్కరించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 18 గుంతల ఆటకు నాలుగు గంటలు పడుతుందనుకుంటే ఒక్కొక్క గుంతకు సుమారు 13 నిమిషాలు. ఒక గ్రీన్‌ను కోసి, గుంతను మార్చి, బంకర్ సర్దడానికి ఒక బృందానికి 20 నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే ప్రతి గుంత వద్ద ఆటగాళ్లు పనివారికి ఏడు నిమిషాలు దగ్గరవుతారు. ఒకే బృందం ఒకటో గుంత నుంచి పని మొదలుపెట్టి 18వ గుంత వరకు వెళ్లాలంటే, ఆట కనీసం 139 నిమిషాలు ఆలస్యంగా ప్రారంభం కావాలి. దీనికి ఏ క్లబ్బూ ఒప్పుకోదు. అదే రెండు బృందాలను నియమించి ఒకదానిని ఒకటో గుంత వద్ద, మరొకదానిని పదో గుంత వద్ద ఒకేసారి ప్రారంభిస్తే 76 నిమిషాల ముందంజ సరిపోతుంది. మొదటి ఆటగాళ్లు పదో గుంతకు చేరేసరికి 193 నిమిషాలు గడుస్తాయి. రెండో బృందం తన తొమ్మిది గ్రీన్లను 180 నిమిషాలకే ముగించి ఉంటుంది. అంటే తెల్లవారగానే 5.45కు పని మొదలైతే, ఏడు గంటల తరువాత ఆటకు అనుమతించవచ్చు. నియమం ఒక్కటే: మొదటి తొమ్మిదింటి ఆట అందరికీ ఒకటో టీ నుంచే ప్రారంభం కావాలి. పలుకుబడి ఉన్న ఒక ఆటగాడిని పదో టీ నుంచి పంపితే ఈ లెక్క మొత్తం కూలిపోతుంది.

ఈ అంకెలు మైదానాన్ని బట్టి మారుతాయి. మార్చవలసినది అంకెలనే, పద్ధతిని కాదు. తమ బృందం వేగాన్ని, తమ ఆటగాళ్ల వేగాన్ని వారం రోజులు కొలిస్తే ఏ పచ్చిక నిర్వాహకుడైనా ఈ పట్టికను తయారు చేసుకోగలడు.

స్థలాన్ని వేరు చేయడం

కలుపు ఏరడం, పిలకలు నాటడం, నేలకు రంధ్రాలు చేయడం వంటివి ఉదయపు గంటలో ముగిసే పనులు కావు. వాటికి స్థలాన్ని వేరు చేయాలి. కూర్చుని చేసే పని ఉన్న రోజున ఆ గుంతను మూసివేయాలి, లేదా ఆటను దూరంగా తాత్కాలిక గ్రీన్ వైపు మళ్లించాలి. నెలలో ఏ రోజున ఏ గుంత మూతపడుతుందో ముందుగా ప్రకటిస్తే ఆటగాళ్లు దానికి అలవాటు పడతారు.

మూయడం సాధ్యం కాని చిన్న పనులకు జెండా పద్ధతి ఉండాలి. పని జరుగుతున్న చోట ఎర్ర జెండా నిలబడి ఉన్నంతసేపు ఆ వైపు బంతి కొట్టరాదు. జెండాను తీసే అధికారం పనివారి బృందంలోని కావలి మనిషిది మాత్రమే. ఆమె పని గడ్డి తీయడం కాదు. టీ వైపు చూస్తూ నిలబడడం, ఈల వేయడం. అయిదుగురి బృందంలో ఒకరు ఏమీ చేయకుండా నిలబడ్డారని గుత్తేదారుకు అనిపించవచ్చు. బృందంలో బంతి వైపు చూసే పని ఆమెది కాబట్టే మిగిలిన నలుగురూ గడ్డి వైపు చూడగలుగుతున్నారు. మిట్టల వెనుక, మలుపుల వెనుక ఉన్న గ్రీన్ల వద్ద గంట ఉండాలి. ముందున్నవారు తప్పుకున్న తరువాత గంట మోగితే తప్ప వెనుకనున్నవారు కొట్టరాదు.

విశ్రాంతి స్థలాలను ఎంచుకోవడంలో కూడా శాస్త్రం ఉంది. సాధారణ ఆటగాళ్ల బంతులు టీ నుంచి 150 – 230 మీటర్ల మధ్య ఎక్కువగా పడతాయి. కుడిచేతి వాటం ఆటగాళ్లలో అదుపు తప్పిన బంతి ఎక్కువగా కుడివైపు వంగుతుంది. నీళ్ల కుండ, సద్ది తినే చెట్టునీడ, పనిముట్ల గది ఆ ప్రాంతంలో ఉండకూడదు. అభ్యాస మైదానంలో బంతులు ఏరే బండికి చుట్టూ తీగవల బోను ఉండాలి. ఆట సాగుతుండగా అక్కడ నడిచి బంతులు ఏరడాన్ని పూర్తిగా నిషేధించాలి.

ఇవన్నీ అమలైన తరువాతే వ్యక్తిగత రక్షణ సాధనాల వంతు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2925కు లోబడిన శిరస్త్రాణం, కళ్లద్దాలు, దూరానికి కనిపించే పసుపు పచ్చని చొక్కా ఇవ్వాలి. పచ్చ చీర కట్టుకుని పచ్చికలో కూర్చున్న మనిషి 200 మీటర్ల దూరానికి కనిపించడం కష్టం. కేక వినిపిస్తే తల ఎత్తరాదని, చేతులతో తల కప్పుకుని మరింత వంగాలని పనిలో చేరిన మొదటి రోజే తెలుగులో చెప్పి, చేసి చూపి, చేయించాలి.

మన శాస్త్రం చేయగల సాయం

ఇంతవరకు చెప్పినది నిర్వహణ. శస్య శాస్త్రానికి ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉంది. బంతి తగిలే అవకాశం మనిషి పచ్చికలో గడిపే గంటలను బట్టి పెరుగుతుంది. ఆ గంటలను తగ్గించే ప్రతి సాగు పద్ధతీ ఒక భద్రతా చర్యే. పచ్చిక వేయడానికి ముందే నేలకు నీరు పెట్టి తుంగను మొలిపించి, ఒకటికి రెండుసార్లు గడ్డలతో సహా తీసివేయడం, తుంగ లేని నారుమడి నుంచి మాత్రమే పిలకలు తేవడం, జల్లించిన ఇసుకనే పైన పరచడం, పచ్చిక అంచులను తెగగొట్టి ఉంచడం మనం విద్యార్థులకు కలుపు నివారణగా బోధించేవే. నిర్మాణ సమయంలో ఆ శ్రద్ధ చూపితే, తరువాతి పదేళ్లపాటు బంతుల మధ్య కూర్చుని తుంగ ఏరే పనిదినాలు ఎన్నో తగ్గుతాయి. నివారణకు పెట్టే ఖర్చును ఇప్పటివరకు మనం కూలి ఆదాతోనే పోల్చాం. ఇక నుంచి దానిని గాయం ఆదాతో కూడా పోల్చవలసి ఉంది.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఆదాయం. గంట ఆలస్యమైతే సభ్యులు ఊరుకోరని అంటారు. వాన పడితే ఆట ఆగుతుంది, పోటీలు జరిగినప్పుడు రోజులు మూతపడుతుంది, సభ్యులు ఊరుకుంటున్నారు. ఆటకు కారణమైన పచ్చిక కోసం గంట ఆగమని అడగడం అన్యాయం కాదు.

రెండో అభ్యంతరం, పనివారు అలవాటు పడ్డారని. అలవాటు బంతి వేగాన్ని తగ్గించదు. భయాన్ని మాత్రమే తగ్గిస్తుంది. అనుభవం ఉన్నవారు కూడా గడ్డి ఏరేటప్పుడు వెనుకకు చూడలేరు.

మూడోది, ప్రమాదాలు అరుదని. దెబ్బ తగిలినప్పుడు మాత్రమే, అదీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాత్రమే రాసుకునే పద్ధతిలో ప్రమాదాలు అరుదుగానే కనిపిస్తాయి. పనివారికి పది అడుగుల లోపు పడిన ప్రతి బంతినీ తేదీ, వేళ, గుంత సంఖ్యతో నమోదు చేస్తే అసలు రూపం తెలుస్తుంది. పురుగు ఉధృతిని పంట నష్టపోయిన తరువాత కాక, ముందే ఎకరానికి ఇన్ని అని లెక్కించడం మనకు తెలుసు. ఇక్కడా అదే పద్ధతి పాటించాలి.

చివరి వాదన గుత్తేదారుది: పనివారు మావారు కారని క్లబ్బు అంటుంది, మైదానం మాది కాదని గుత్తేదారు అంటాడు. చట్టం ఈ సందు మూసివేసి చాలాకాలమైంది. పనిలో ఉండగా, పని కారణంగా కలిగిన గాయానికి పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టమే నిర్దేశించింది. గుత్తేదారు ద్వారా పని చేయించుకున్నా పరిహారం బాధ్యత ప్రధాన యజమానిదేనని కూడా స్పష్టం చేసింది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ సూత్రాలను కొనసాగించింది. 1923 చట్టపు పట్టికలో ఒక కన్ను పోతే సంపాదన శక్తిలో నష్టం 40 శాతంగా లెక్కించారు. నాట్లు వేసే, కలుపు ఏరే మనిషికి ఒక కన్ను పోతే నిజంగా ఎంత నష్టమో పట్టికలు చెప్పలేవు. అయినా ఆ పట్టిక ఉన్నదని, అందులో తమకు హక్కు ఉన్నదని ఆ పనివారికి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తల పని.

నూర్పిడి యంత్రం నేర్పిన పాఠం

మన రంగంలో ఇటువంటి చర్చ ఇంతకుముందు ఒకసారి జరిగింది. నూర్పిడి యంత్రాలు వచ్చిన తొలి దశాబ్దాలలో ఎందరో కూలీల చేతులు తెగాయి. అజాగ్రత్త, నిద్రమత్తు, మత్తు పానీయం అని నింద కూలీలపైనే పడేది. చివరకు 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పంటను అందించే తొట్టె పొడవు ఎంత ఉండాలి, దాని మీద మూత ఎంతవరకు ఉండాలి అన్నది యంత్ర నిర్మాణంలోనే నిర్ణయమైంది. కూలీని జాగ్రత్తగా ఉండమనడం మాని, చెయ్యి అందని విధంగా యంత్రాన్ని మార్చడమే సరైన మార్గమని అప్పుడు అంగీకరించాం. గోల్ఫ్ పచ్చికలోనూ మార్చవలసినది ఏర్పాటునే.

ఈ పని మన ఇంటి నుంచే మొదలుకావాలి. పొదలు కోసే యంత్రం తిరుగుతున్నప్పుడు 15 మీటర్ల లోపు ఎవరూ ఉండరాదని తయారీదారుల సూచన పుస్తకాలు చెబుతాయి. పరిశోధన క్షేత్రాలలో, కళాశాల ప్రాంగణాలలో ఆ యంత్రం పక్కనే మహిళలు గడ్డి పోగుచేస్తున్న దృశ్యం నేను చాలాసార్లు చూశాను. చూసి ముందుకు వెళ్లిపోయాను కూడా. ఆ యంత్రం విసిరే రాయికీ గోల్ఫ్ బంతికీ తేడా ఆకారంలోనే.

ఉమ్మడి మెదక్ జిల్లాలో భాగంగా ఉండిన ములుగులోనే నేడు శ్రీ కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పచ్చికల పెంపకం అక్కడి విద్యార్థులకు పాఠ్యాంశం. మన వ్యవసాయ పట్టభద్రులలోనూ కొందరు పచ్చిక నిర్వాహకులుగా స్థిరపడుతున్నారు. గడ్డి ఎత్తును మిల్లీమీటర్లలో కొలవడం వారికి నేర్పుతున్నాం. ఆ గడ్డి మీద కూర్చున్న మనిషికీ బంతికీ మధ్య దూరాన్ని, వేళను కొలవడం కూడా నేర్పాలి. ఒక ప్రయోగ తరగతి చాలు: గడియారం, కొలత టేపు, ఒక మైదానం, ఒక వారం. స్నాతకోత్తర విద్యార్థి ఎవరైనా దీనిని పరిశోధనాంశంగా ఎంచుకుంటే మార్గదర్శకత్వం వహించడానికి నేను సిద్ధం.

పంట కోతలు ముగిసిన తరువాత మెదక్ పల్లెల నుంచి పని వెతుక్కుంటూ నగరం వైపు వెళ్లేవారు ఈ ఏడూ ఉంటారు. వారిలో కొందరు పచ్చికలలోకే వెళతారు. ఆ మహిళ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా సమాధానం ఇది. అమ్మా, నీవు గడ్డి దిక్కే చూడాలి. నీకు కూలి ఇచ్చేది దానికే. బంతి దిక్కు చూడవలసినవారు బంతిని కొట్టేవారు, ఆ మైదానాన్ని నడిపేవారు. ఆ సంగతి వారికి నేర్పి పంపవలసిన బాధ్యత నాది.